‘సర్వర్ డౌన్’ బోర్డు పెట్టే ముందు: ఒడిశా సరిహద్దు జిల్లాల ఆఫీసు అధికారులకు బహిరంగ లేఖ

రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఉమ్మడి డేటాబేస్ మీద నడిచే ఆఫీసుల, సహకార సంఘాల, ఆసుపత్రుల అధికారులకు. ఆ కంప్యూటర్లకు ఏఎంసీ (ఏడాది మరమ్మతు కాంట్రాక్టు) పుచ్చుకున్న కాంట్రాక్టర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఈ జిల్లాల ఆఫీసుల్లో పనిచేసే డేటా ఎంట్రీ ఆపరేటర్లం, నెట్‌వర్కు వైర్లు లాగి, కంప్యూటర్లన్నింటినీ కలిపే స్విచ్ డబ్బాలు బిగించే పనివాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఇదే విషయం ముందు నోటితో విన్నవించాం, తర్వాత కాగితం మీద పెట్టాం. కాగితానికి ఇన్‌వర్డు నంబరు పడింది గాని జవాబు రాలేదు. ఏ ఒక్క ఆఫీసునో వేలెత్తి చూపాలని లేదు. రాయగడలో ఉన్న తంతే గుణుపురంలోనూ ఉంది, పర్లాకిమిడిలోనూ ఉంది. అందుకే ఎవరి పేరూ పెట్టలేదు.

కౌంటరు దగ్గర ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అని బోర్డు పెట్టినప్పుడు చాలాసార్లు ఆ సర్వరు భువనేశ్వర్‌లో ఉండదు. పక్క గదిలో బీరువా పక్కన పెట్టిన మామూలు డెస్క్‌టాపే అది. ఇంటర్నెట్ మీద నడిచే రాష్ట్ర స్థాయి పోర్టళ్లు ఆగిపోతే మీరూ మేమూ చేయగలిగింది లేదు, వాటి జోలికి పోవడం లేదు. మేం చెబుతున్నది ఆఫీసు గోడల మధ్య ఉన్న డేటాబేస్ సంగతి: పింఛన్ల పట్టీ, విత్తనాల అప్పుల ఖాతా, ఓపీ రిజిస్టరు, జీతాల బిల్లు. వీటి కనెక్షన్ తెగితే కారణం ఆ గోడల మధ్యే దొరుకుతుంది, ఎక్కువసార్లు గంటలోపే. వెతకడానికి అధికారం గానీ పద్ధతి గానీ మాకు లేదు. ఉన్న పద్ధతి ఒక్కటే: సర్వరు ఆపి మళ్లీ వేయడం.

అసలు ఏం జరుగుతోందో ముందు చెబుతాం.

1. ఇరవై లెక్క. విండోస్ 10, 11 ప్రో ఉన్న డెస్క్‌టాపును సర్వరుగా వాడితే ఒకేసారి 20 కనెక్షన్ల వరకే లోపలికి రానిస్తుంది. అది లైసెన్సు హద్దు. ర్యామ్ పెంచితే మారదు. అదే మెషీన్ నుంచి షేర్ చేసిన ప్రింటరు వాడే సీటు (ఆపరేటరు ముందున్న కంప్యూటరు), స్కాన్ కాగితాలు పడేసే జిరాక్స్ మెషీను, ఫైలు తెరిచి ఉంచి టీకి వెళ్లిన సీటు, అన్నీ అందులో లెక్కే. ఆ తర్వాత వచ్చిన సీటుకు ‘ఇంతకుమించి కనెక్షన్లు ఇవ్వలేను’ అన్న అర్థంతో ఇంగ్లీషులో మెసేజ్ వస్తుంది. ఎవరో సర్వరు రీస్టార్ట్ చేస్తారు. అందరి కనెక్షన్లూ తెగి లెక్క సున్నా అవుతుంది కాబట్టి కాసేపు బాగుంటుంది. ఉదయం పదకొండు గంటలు దాటి సీట్లు నిండేసరికి మళ్లీ అదే. రీస్టార్ట్‌తో బాగైందన్న నమ్మకం ఇలా పుట్టిందే. చూడాల్సిన చోటు వేరు: సర్వరు మెషీన్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద సెషన్స్ చూస్తే ఏ మెషీన్ ఎంతసేపటి నుంచి పట్టుకుని ఉందో కనిపిస్తుంది. అక్కర్లేనిదాన్ని ఒక్కదాన్నే తెంపవచ్చు. కానీ అది తెరవడానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ బరంపురంలోనో విశాఖలోనో ఉన్న ఏఎంసీ మనిషి ఫోనులో ఉంటుంది.

2. యాక్సెస్ ఫైలు. మా బాధల్లో సగం దీనివే కాబట్టి కొంచెం ఓపిక పట్టి చదవండి. చాలా ఆఫీసుల్లో ఎవరో ఏనాడో మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో చేసి ఇచ్చిన ఫైలు ఒకటి షేర్డ్ ఫోల్డరులో ఉంటుంది, అందరూ దాన్నే తెరుస్తారు. ఇక్కడ సర్వరులా పనిచేసే ప్రోగ్రామేమీ లేదు. ప్రతి సీటూ ఫైలు ముక్కలను తీగ మీదుగా తన దగ్గరికి లాక్కుని, మార్చి, తనే తిరిగి రాస్తుంది. రాస్తున్న క్షణంలో తీగ ఊడినా, వైఫై ఒక్క సెకను తప్పినా, సగం రాసిన ముక్క అలాగే ఉండిపోతుంది. మర్నాడు ‘డేటాబేస్ ఫార్మాట్ గుర్తుపట్టలేకపోతున్నాం’ అన్న మెసేజ్ 3343 నంబరుతో వచ్చేది అందుకే. 2018 ఏప్రిల్ విండోస్ 10 అప్‌డేట్ తర్వాత ఇది మరీ ఎక్కువైంది. ఫైలు భాగాలను సీట్ల దగ్గరే దాచుకునే లీజింగ్ అన్న ఏర్పాటు దానికి కారణం. సర్వరు మెషీన్ రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టీలో) ల్యాన్‌మ్యాన్‌సర్వర్ పారామీటర్స్ కింద డిజేబుల్‌లీజింగ్ విలువ 1 చేయడం అప్పట్లో చెప్పిన మందు. ఆ మార్పు తెలిసినవారే చేయాలి, చేశాక రాసిపెట్టాలి.

ఇక లాక్ ఫైలు. డేటాబేస్ తెరవగానే దాని పక్కన అదే పేరుతో, ఎల్‌ఏసీసీడీబీ తోకతో చిన్న ఫైలు పుడుతుంది (పాత ఎండీబీలకైతే ఎల్‌డీబీ). ఎవరెవరు లోపల ఉన్నారో అందులో ఉంటుంది, చివరి మనిషి బయటికి రాగానే అది పోవాలి. కాబట్టి వాడే ప్రతి ఒక్కరికీ ఆ ఫోల్డరులో ఫైలు పుట్టించే, చెరిపే హక్కు ఉండాలి. భద్రత పేరుతో చదివే హక్కు మాత్రమే ఇచ్చిన సీటు ఉదయం అందరికంటే ముందు ఫైలు తెరిచిందంటే, లాక్ ఫైలు పుట్టించలేక డేటాబేస్‌ను మొత్తం తనొక్కటే పట్టుకుంటుంది. మిగతా అందరికీ ‘ఇప్పటికే వాడుకలో ఉంది’ అని వస్తుంది. తప్పు కొత్త అటెండరు సీటుది, తిట్లు పడేది పాత ఆపరేటరుకు. కరెంటు పోయి మెషీన్లు ఆగినప్పుడు లాక్ ఫైలు మిగిలిపోతుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మెషీన్ల పేర్లు కనిపిస్తాయి. వెళ్లిపోయిన వారి పేరు కూడా మిగిలి ఉండొచ్చు, దాన్ని పట్టుకుని ఎవరినీ దోషిగా నిలబెట్టకండి. అందరూ బయటికి వచ్చాకే చెరపాలి. చెరగనంటే ఇంకా ఎవరో లోపల ఉన్నట్టే.

ఫైలుకు 2 జీబీ హద్దు ఉంది. స్కాన్ ఫొటోలు అందులోనే దూర్చిన ఆఫీసులు ఆ హద్దుకు దగ్గర్లో ఉన్నాయి.

3. చిరునామా మారిపోవడం. సర్వరుకు స్థిరమైన ఐపీ (నెట్‌వర్కులో దాని చిరునామా నంబరు) ఇవ్వకుండా రూటరు ఇష్టానికి వదిలేస్తున్నారు. కరెంటు పోయి రూటరు మళ్లీ లేచినప్పుడు నిన్న 192.168.1.10 ఉన్న సర్వరుకు ఇవాళ ఇంకో నంబరు పడుతుంది. సీట్లన్నీ పాత నంబరు తలుపే కొడుతూ ఉంటాయి. ఇంకో రకం ఉంది: సీసీ కెమెరాలు బిగించడానికి వచ్చినవారు డీవీఆర్‌కు (కెమెరాల రికార్డింగు డబ్బాకు) తోచిన నంబరు పెట్టి వెళ్లిపోతారు, అది సర్వరు నంబరే అవుతుంది. అప్పుడు కనెక్షన్ ఉన్నట్టే ఉండి పోతూ ఉంటుంది. కనిపెట్టడం కష్టమైన తప్పుల్లో ఇదొకటి. ఏదైనా సీటులో 169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తే ఆ సీటుకు రూటరు చిరునామాయే ఇవ్వలేదని అర్థం. కేబుల్, స్విచ్ చూడాలి, డేటాబేస్‌ను కాదు.

4. పబ్లిక్ నెట్‌వర్కు. రూటరు మార్చిన మర్నాడు అందరికీ కనెక్షన్ పోయిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. కొత్త రూటరు చూసిన విండోస్ దాన్ని కొత్త ఊరు అనుకుని ‘పబ్లిక్’ అని గుర్తు పెట్టుకుంటుంది. ఫైల్ షేరింగ్ నడిచే 445 పోర్టును, అంటే ఆ నంబరు తలుపును, విండోస్ కాపలా ప్రోగ్రాం ఫైర్‌వాల్ మూసేస్తుంది. సర్వరు మెషీన్‌లో దాన్ని ‘ప్రైవేట్’ అని మారిస్తే చాలు. దీనికి మొత్తం ఫైర్‌వాల్‌నే ఆపేసి వెళ్లిపోయే మెకానిక్కులు ఉన్నారు, దయచేసి ఒప్పుకోకండి. అలాగే పాత స్కానరు పనిచేయడం లేదని ఎస్‌ఎంబీ 1ను (ఫైల్ షేరింగ్ పాత పద్ధతిని) తిరిగి వేయించవద్దు. 2017 మేలో వానాక్రై వైరస్ దూరింది ఆ పాత దారిలోనే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి దాన్ని పెట్టడమే మానేశారు.

5. కరెంటు. కంప్యూటర్లకు యూపీఎస్ ఇచ్చారు, స్విచ్‌కు ఇవ్వలేదు. ఈ ఒక్క లోటు ఎన్ని ఫైళ్లను పాడుచేస్తోందో లెక్క లేదు. కరెంటు అర నిమిషం పోతుంది. కంప్యూటర్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, మధ్యలో స్విచ్ చచ్చి లేస్తుంది. పైన చెప్పిన సగం రాసిన ముక్క అప్పుడే పుడుతుంది. ఎనిమిది, పదహారు పోర్టుల చిన్న స్విచ్ తినే కరెంటు చాలా తక్కువ, చిన్న యూపీఎస్ మీద గంటలు నిలుస్తుంది. మరో సంగతి: రెండు భవనాల మధ్య ఆరుబయట రాగి కేబుల్ వేలాడదీసిన చోట ప్రతి వేసవి పిడుగుల కాలంలోనూ స్విచ్ పోర్టులు మాడుతున్నాయి. భవనాల మధ్య ఆప్టికల్ ఫైబరే వేయాలి. రాగి కేబుల్ హద్దు ఎలాగూ 100 మీటర్లే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచిన సంగతి మీకు మేం గుర్తు చేయనక్కర్లేదు. నేల మీద, వరద నీళ్లకు అందే ఎత్తులో, సర్వరు డబ్బా ఇప్పటికీ పెట్టి ఉంచిన గదులు ఉన్నాయి.

6. నిద్రపోయే సర్వరు. భోజనం వేళ తర్వాత మాత్రమే కనెక్షన్ దొరకకపోతే పవర్ సెట్టింగుల్లో స్లీప్ చూడండి. నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్‌లో కరెంటు ఆదా కోసం ఆపేయవచ్చన్న టిక్కు కూడా తీసేయాలి. ఐదు నిమిషాల పని.

7. ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ లాంటి పెద్ద డేటాబేస్‌కు మారిన ఆఫీసుల బాధలు వేరు. అక్కడ ఎర్రర్ నంబరే సగం జవాబు చెబుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 26 వస్తే ఇన్‌స్టెన్స్ (ఆ పేరుతో నడిచే డేటాబేస్ సర్వరు) దొరకలేదని అర్థం: పేరు తప్పు కావచ్చు, ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ సర్వీసు ఆగి ఉండవచ్చు, యూడీపీ 1434 పోర్టు మూసి ఉండవచ్చు. 40 వస్తే అసలు సర్వరు దాకా చేరలేదు. ఎక్స్‌ప్రెస్ వెర్షన్‌లో టీసీపీఐపీ మొదట్లో ఆపి ఉంటుంది, కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో తెరిచి సర్వీసు మళ్లీ వేయాలి. 18456 అంటే తలుపు దాకా వెళ్లాం, యూజరు పేరో పాస్‌వర్డో చెల్లలేదు. అప్పుడు కేబుళ్లు పీకడం వృథా. మైఎస్‌క్యూఎల్‌లో 2003 చేరలేదనడం, 1045 లోపలికి రానివ్వననడం, 1040 కనెక్షన్లు నిండాయనడం. మొదట్లో ఇచ్చే హద్దు 151. పది మంది ఉన్న ఆఫీసులో అది నిండిందంటే ప్రోగ్రాం తెరిచిన కనెక్షన్లను మూయడం లేదన్నమాట. హద్దు పెంచడం కాదు, రాసిన వారిని పిలిపించాలి. కొత్త కంప్యూటరులో ‘ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్’ అని వస్తే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 64 బిట్, డేటాబేస్ డ్రైవరు 32 బిట్ అయి ఉంటుంది. ఇది కనెక్షన్ తప్పే కాదు.

ఇవన్నీ మీకు చిన్న విషయాలుగా కనిపించవచ్చు. కౌంటరు అవతల నిలబడ్డ మనిషి వైపు నుంచి చూడండి.

కాశీపురం కొండల నుంచి, మోహన వైపు నుంచి పింఛను కాగితం పట్టుకుని వచ్చిన ముసలమ్మకు ‘రేపు రండి’ అంటే ఒక రోజు తిండి, రెండు బస్సు ఛార్జీలు. తోడు వచ్చిన కొడుకు కూలి కూడా పోయినట్టే. ఆమెకు వచ్చిన భాష సవరో కుయ్యో అయితే, బోర్డు మీద ఒడియాలో ఏం రాశారో అడిగి తెలుసుకోవడానికి ఇంకో గంట. ఇంకా పెద్ద నష్టం కంటికి కనిపించదు. ఒడిశా ప్రజాసేవల హక్కు చట్టం 2012లో వచ్చింది. సేవకు గడువు ఉంది, గడువు దాటితే అప్పీలు ఉంది. కానీ కనెక్షన్ లేదని దరఖాస్తే తీసుకోకపోతే రసీదు లేదు. రసీదు లేకపోతే ఆమె ఆ రోజు వచ్చినట్టు రుజువే లేదు, ఇక గడువు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

రెండో నష్టం మన తెలుగు వాళ్లకు ప్రత్యేకంగా తగులుతోంది. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, ఒడియా పద్ధతిలో అది చివర వస్తుంది. సేవ్ కొట్టిన క్షణంలో కనెక్షన్ పోతే రికార్డు పడిందో లేదో తెలియదు. మర్నాడు వేరే ఆపరేటరు పేరు వెతుకుతాడు, ఇంటిపేరు చివర పెట్టి. దొరకదు. కొత్తగా ఎక్కిస్తాడు. కొన్ని నెలలకు ఒకే మనిషికి రెండు నంబర్లు తేలుతాయి, రెండు చోట్ల పేరుందని తనిఖీలో పింఛను ఆగుతుంది. కాశీనగరం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి జంట నంబర్ల గొడవలు చాలా ఉన్నాయి. వాటిని మోసం అని ఫైలు మీద రాసే ముందు, ఆ రికార్డులు పుట్టిన రోజు కనెక్షన్ ఎలా ఉందో చూడమని బడబాబులను (హెడ్ క్లర్కులను) కోరుతున్నాం.

మా కోరికలు ఇవి.

1. కనెక్షన్ లేని రోజు కూడా దరఖాస్తు కాగితం మీద తీసుకుని, తేదీ వేసి, సంతకం చేసిన రసీదు ఇవ్వాలి. ఎక్కించడం తర్వాత చేస్తాం. దీనికి పైసా ఖర్చు లేదు, కాబట్టి మొదటిది ఇదే.

2. ప్రతి ఆఫీసులో ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఎర్రర్ వచ్చిన టైము, సీటు నంబరు, మెసేజ్‌లో ఉన్న మాటలు నంబరుతో సహా, ఒక్కరికా అందరికా, ఏం చేస్తే పోయింది. ‘లింకు లేదు’ అని రాస్తే చెల్లదు. నెల రోజుల పుస్తకం తిప్పితే జబ్బు దానంతట అదే బయటపడుతుంది.

3. సర్వరు ముట్టుకునే ముందు ఈ వరస తప్పనిసరి చేయాలి, అచ్చువేసి ప్రతి సీటు దగ్గర అంటించాలి. ఒక్క సీటుకే అయితే సర్వరు జోలికి పోవద్దు. కేబుల్ దగ్గర దీపం వెలుగుతోందా చూడాలి. ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టి సీటు ఐపీ నంబరు చూడాలి. సర్వరును ముందు నంబరుతో, తర్వాత పేరుతో పింగ్ చేయాలి, అంటే పలుకుతుందా అని పిలిచి చూడాలి. నంబరుకు పలికి పేరుకు పలకకపోతే తప్పు పేరు దగ్గరే. పింగ్‌ను ఫైర్‌వాల్ ఆపే వీలుంది కాబట్టి అది పలకలేదని ఆగిపోకుండా, పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్‌తో పోర్టు చూడాలి: షేర్డ్ ఫైలుకైతే 445, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మామూలుగా 1433, మైఎస్‌క్యూఎల్‌కు 3306. పోర్టు తెరిచి ఉంటే ఫోల్డరులో ఖాళీ టెక్స్ట్ ఫైలు ఒకటి పుట్టించి చెరపాలి. అదీ అయితే అప్పుడు డేటాబేస్ సంగతి. అలవాటైన చేతికి పది నిమిషాలు పట్టదు.

4. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవరులో ఆఫీసు అధికారి బీరువాలో ఉండాలి. తెరిచినప్పుడల్లా నోటు పుస్తకంలో రాయాలి, తర్వాత మార్చాలి. కాంట్రాక్టరు ఫోను ఎత్తకపోతే ఆఫీసు ఆగిపోయే పరిస్థితి పోవాలి.

5. సర్వరుకు స్థిర ఐపీ, స్విచ్‌కూ రూటరుకూ యూపీఎస్, నేల నుంచి ఎత్తులో పెట్టిన బల్ల. డేటాబేస్ వాడే సీట్లన్నీ కేబుల్ మీదే, వైఫై మీద కాదు.

6. పది సీట్లు దాటిన ఆఫీసుల్లో యాక్సెస్ ఫైలులోని పట్టికలను నిజమైన డేటాబేస్ సర్వరుకు మార్చాలి. అక్కడ సగం రాసిన పని దానంతట అదే వెనక్కి పోతుంది, ఫైలు చెడదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితమే. 2022 వరకు వచ్చిన వెర్షన్లలో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ హద్దు, మన పట్టీలకు అది ఎక్కువే. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ కూడా ఉచితమే. యాక్సెస్ ఫారాలు అలాగే ఉంచుకోవచ్చు, ఆపరేటర్లు కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు. మారేలోపు కనీసం ఫైలును రెండుగా విడదీయండి: పట్టికలు సర్వరులో, ఫారాలు ప్రతి సీటులో ఒక్కో కాపీ.

7. రోజూ బ్యాకప్, వారానికో కాపీ భవనం బయట. నెలకోసారి ఆ కాపీని వేరే మెషీన్‌లో తెరిచి చూపాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను మేం బ్యాకప్‌గా లెక్కపెట్టం. యాక్సెస్‌లో ఫైలును బాగుచేసే కాంపాక్ట్ అండ్ రిపేర్ నొక్కే ముందు కాపీ తీయడం కూడా నియమంలో ఉండాలి.

8. ఏఎంసీ బిల్లు ‘వచ్చి వెళ్లారు’ అన్న సంతకం మీద పాస్ చేయకండి. తప్పు ఏమిటి, ఎక్కడ, ఏం మార్చారు అన్నది రాసిస్తేనే పాస్ చేయండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. సర్వరుగా వాడుతున్న ఆ మెషీన్ల విషయంలో ఏం చేయబోతున్నారో కాంట్రాక్టర్లు రాతపూర్వకంగా చెప్పాలి.

9. కనెక్షన్ లేక ఎంట్రీలు తగ్గిన రోజుకు ఆపరేటర్ల జీతంలో కోత పెట్టకూడదు. నోటు పుస్తకమే సాక్ష్యం.

వీటిలో 1, 2, 3, 4, 9 అంశాలకు బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఆఫీస్ ఆర్డరు చాలు. మిగతావాటికి ఎస్టిమేటు వేయమంటే వేసిస్తాం. వరస కాగితాన్ని ఒడియా, తెలుగు, ఇంగ్లీషుల్లో తయారుచేసి ఇస్తాం, ఏ ఆఫీసు పిలిచినా ఆదివారం వచ్చి సీటు సీటుకూ చూపిస్తాం. ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఇవ్వలేమంటే ఏ అంశం ఎందుకు వీలుకాదో అంశాల వారీగా చెప్పండి.

ఇట్లు,
రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగరం ప్రాంతాల డేటా ఎంట్రీ ఆపరేటర్లు, నెట్‌వర్కు పనివారు

ప్రతి: ఆఫీసుల నోటీసు బోర్డులకు